గుట్ట మీద నా ఇల్లు

రెండువేల సంవత్సరం దాటాక మా శామీర్‌పేట గుట్టకు ఆదివారాల్లో జనం విరగబడటం మొదలైంది. ఎక్కినవాళ్ళు బుద్ధిగా దారివెంట దిగితే నాకేం బాధ? మలుపు వచ్చిన ప్రతిచోటా అడ్డంగా దూకేవారు. వాళ్ళ బూట్లకు కదిలిన మన్ను వానకు కొట్టుకుపోయి, దారి మోకాలి లోతు గాడి అయింది. చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా బాపు మాత్రం ఎవర్నీ ఏమీ అనకుండా గడ్డపార భుజాన వేసుకుని బాగుచేయడానికి బయల్దేరాడు. నేను సూరారంలో కిరాయి గదిలో ఉండేదాన్ని. సెలవు దొరికితే వచ్చి తట్ట అందుకునేదాన్ని.

అడ్డదారుల్లో ముళ్ళకంప వేశాం. నీళ్ళు పక్కకు పోయేలా కాలువ తీశాం. నిటారుగా ఉన్న మలుపు దగ్గర బాపు పెద్ద బండను మెట్టుగా పరిచి, ముందు అంచు కింద చిన్న రాళ్ళు దోపాడు. మట్టి నింపడం మిగిలింది.

"మన్ను వడేదాంక దీని మీద ఎవ్వల్నీ కాలు వెట్టనియ్యకు బిడ్డా" అన్నాడు.

ఆ గుట్ట మీద ఇంకో తంటా ఉంది. సొంతిల్లు కావాలని మొక్కుకునేవాళ్ళు పైన గుడి వెనక రాయి మీద రాయి పేర్చి చిన్న ఇల్లు కడతారు. చుట్టూ ప్లాట్లు లేస్తున్న రోజులు, ఆ ఆశ ఎవరికి లేదు? గుట్టంతా వెతికినా చిన్న రాయి దొరికేది కాదు.

మర్నాడు ఆదివారం. బాపు తల్లి, మా అవ్వ, మాకంటే ముందే గుడికి పోయింది. బాపు మలుపు కింద కాలువలోకి దిగి బురద ఎత్తుతున్నాడు. నేను పక్కన తట్టలో మట్టి నింపుతున్నాను. అవ్వ కర్ర పొడుచుకుంటూ దిగి వచ్చి బండ వెనక అంచు మీద నిలబడింది. బండ ఊగింది. అవ్వ చేతిలో కర్ర జారి కిందికి దొర్లింది.

"అవ్వా, కదలకు!"

ఆమె ఒక్క అడుగు ముందుకేస్తే బండ బాపు మీద పడుతుంది. కర్ర లేకుండా వెనక్కి ఎక్కలేదు. గడ్డపార బండ కింద దూర్చి భుజం ఆనించాను.

"బాపూ, జల్దీ జరుగు!"

"కాలు ఇరికింది బిడ్డా."

చెమటకు గడ్డపార జారుతోంది. "నాకు కాళ్ళు గుంజుతున్నయే" అంటోంది అవ్వ. బాపు చెప్పు బురదలోనే వదిలేసి కాలు లాక్కున్నాడు. పైకి వచ్చి అవ్వను ఎత్తి దించాకే నేను భుజం తీశాను. వంగి చూస్తే బండ కింద ఒక్క రాయీ లేదు.

"పట్నపోళ్ళు మన రాళ్ళు వీకి ఇల్లు గట్టుకున్నరు! వాళ్ళ చేతులు విరగ! ఇప్పుడే వొయ్యి తన్నొస్త!" అని అరిచాను.

"తన్నకే" అంది అవ్వ. "గా ఇల్లు నీదే. ఇంకేడ రాళ్ళు దొర్కలె. నీకు కిరాయి బతుకు తప్పాలెనని పొద్దుగాల నేనే దీసిన."

కోపం పోలేదు, ఏడుపు వచ్చింది.

పైకి పోయి నా ఇంటిని నేనే విప్పి తట్టలో వేసుకుని దిగాను. బాపు ఒక్కో రాయినీ బండ కింద బిగించాడు. చివరి సందుకు రాయి లేదు. తట్ట పక్కనే కూర్చున్న అవ్వ ఒక రాయిని కొంగున ముడి వేసుకుంటోంది.

"గిదొక్కటన్న ఉండనియ్యి కొడుకా."

బాపు చెయ్యి చాపలేదు. ఇంకో రాయి కోసం గుట్ట దిగాడు.