చెడు కబురు చెప్పే పద్ధతి

అమెరికాలో, నోవై అనే ఊళ్ళో తెలుగువాళ్ళ ఇంట్లో పిల్లల పుట్టినరోజు జరిగిందంటే, కేక్ కోసేముందు ఎవరో ఒకరు రాగిణి చెయ్యి పట్టుకుని లాగేవారు, ఒక్కసారి ఆ గొంతు పెట్టవా అని. ఆ గొంతంటే, ఇరవై ఏళ్ళకు పైగా అయింది, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు చానల్‌లో ఆదివారం పొద్దున వచ్చిన ‘గిలిగింతల గంట’ అనే పిల్లల కార్యక్రమంలో రాగిణి అక్క గొంతు. సన్నగా మొదలై, పైకి లేచి, చివర్లో కాస్త ఎగిరేది. అది వింటే గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా ఏడుపాపి తిరిగి చూసేవారు. రాగిణికి నలభై నాలుగొచ్చి మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా ఆ గొంతుకు మాత్రం వయసు రాలేదు.

ఆ గొంతును ఆమె కావాలని నేర్చుకున్నదీ లేదు. స్టూడియోలో ముప్ఫై మంది పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టేవారు. ఒకడికి అమ్మ కావాలి, ఒకదానికి దాహం, ఇంకొకడు పక్కవాడి చెవి మెలిపెడుతుంటాడు. ప్రొడ్యూసర్ పరంధామయ్య కెమెరా వెనకాల నిలబడి రెండు వేళ్ళతో తన పెదవులు సాగదీసి చూపించేవాడు, నవ్వమని. కొంప మునిగినా సరే, నవ్వు ఒక మెట్టు పైకి, గొంతు ఒక మెట్టు పైకి. ఒకసారి పైన లైటు ఢామ్మని పేలి గాజుముక్కలు రాలితే, అబ్బో, మనకోసం చుక్కలు దిగొచ్చాయర్రా అని రాగిణి అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మోచేతి నుంచి రక్తం కారుతోంది. షాట్ అయ్యాక పరంధామయ్య ఆమెను ఆకాశానికెత్తేశాడు. ఆ మెచ్చుకోలు ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఒంట్లోకి ఇంకిపోయింది. ఇక అప్పటినుంచీ భయం వేసిందంటే చాలు, నవ్వు దానంతట అదే వచ్చేసేది.

నిజానికి ఆమె మనసంతా నటన మీద ఉండేది. రెండు సీరియళ్ళలో హీరోయిన్ స్నేహితురాలి వేషం వేసింది. ఒకదాంట్లో కాఫీ తెచ్చింది, ఇంకోదాంట్లో కాఫీ తాగింది. మూడోది వచ్చేలోగా ఫణితో పెళ్ళి కుదిరింది. ఫణి కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. మిషిగన్ వచ్చి చూస్తే ఏడాదిలో అయిదు నెలలు మంచు, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. ఏళ్ళ తరబడి ఆమెకు దక్కిన స్టేజీ అంటే తెలుగు సంఘం ఉగాది వేడుకే. ఎప్పుడూ రెండు గంటలు ఆలస్యంగా నడిచే ఆ కార్యక్రమాన్ని మైకు పట్టుకుని ముందుకు తోసేది. పిల్లలు ఆమెను యాంకర్ ఆంటీ అనేవారు.

గ్రీన్ కార్డు వచ్చాక విద్య ఒక కబురు తెచ్చింది. విద్య పక్క వీధిలోనే ఉంటుంది, ఒక మెడికల్ కాలేజీలో పనిచేస్తుంది. అక్కడ డాక్టర్లు కాబోయే పిల్లల ముందు రోగులుగా నటించేవాళ్ళు కావాలట. గుండ్రాయిలా ఉన్న మనిషి వెళ్ళి, ఇచ్చిన కాగితం ప్రకారం మూలగాలి, స్టూడెంట్ పరీక్ష చేసి నేర్చుకుంటాడు. రాగిణి ఎగిరి గంతేసింది. తెర లేకపోతేనేం, పేరు పడకపోతేనేం, చూసేవాడు ఒక్కడే అయితేనేం. నటన నటనే కదా.

మొదటి వేషం కడుపునొప్పి. నొప్పి పదికి ఏడు అని కాగితంలో ఉంటే, రోజంతా వచ్చే ఎనిమిది మందికీ అదే ఏడు చూపించాలి. ఒకడి దగ్గర తొమ్మిదిలా కేక పెడితే వాడికి అన్యాయం చేసినట్టు. తర్వాత ఒక లిస్టులో టిక్కులు పెట్టాలి. చేతులు కడుక్కున్నాడా, కూర్చుని మాట్లాడాడా, మధ్యలో అడ్డుపడ్డాడా అని. చివర్లో స్టూడెంట్‌కి ఎదురుగా కూర్చుని తన అభిప్రాయం చెప్పాలి. నువ్వు మంచి డాక్టరువి, చెడ్డ డాక్టరువి అనకూడదు. నువ్వు ఫలానా పని చేసినప్పుడు నాకు ఫలానాగా అనిపించింది, అంతే. అలా ఏడేళ్ళలో ముప్ఫై రోగాలు పడింది రాగిణి. సాయంత్రం ఫణి గరాజ్ తలుపు దగ్గరే అడిగేవాడు, ఇవాళ ఏ రోగం తెచ్చావని. భోజనాల బల్ల దగ్గర ఆమె మూలిగి చూపిస్తే కూతురు అదితి రోగం పేరు చెప్పాలి. తప్పు చెబితే ఆ పూట గిన్నెలు ఆ పిల్లవే.

ఏడాదిన్నర కిందట, అక్టోబర్‌లో పెద్ద వేషం వచ్చింది. ఆపరేషన్‌లో భర్త చనిపోయాడని డాక్టర్ నోట వినే భార్య. కాగితంలో ఆమె పేరు లిండా థాంప్సన్. ఈ మొహానికి ఆ పేరేమిటని ఒక్కడూ అడగలేదు. రాగిణి ఎనిమిది మంది ముందు ఎనిమిదిసార్లు కన్నీళ్ళు పెట్టుకుంది, ఎనిమిదీ ఒకే కొలతలో. ఇంటికొచ్చి గర్వంగా చెప్పింది. హైదరాబాద్ నుంచి ఫోన్‌లో ఉన్న ఫణి మేనత్త పద్మ మాత్రం మండిపడింది. ముత్తయిదువవి, నోటివెంట అవేం మాటలే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అంది. ఫణి పక్కనుంచి, కంగారు పడకత్తా, పోయింది థాంప్సన్ అన్నాడు.

ఆ తర్వాతి జనవరిలో ఒక పొద్దున ఆఫీస్‌లో ఫణికి ఛాతీలో నొప్పి వచ్చింది. గుండె దగ్గర పెద్ద రక్తనాళం చిరిగిందన్నారు. రాగిణి ఆస్పత్రికి చేరి ఒక్క నిమిషం చూసిందో లేదో ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు డాక్టరమ్మ వచ్చి రాగిణిని చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. రాగిణి బుర్రలో ఒక టిక్కు పడింది. మీకు ఇప్పటివరకు ఏం చెప్పారని అడిగింది. ఇంకో టిక్కు. చనిపోయాడు అన్న మాటను దాచకుండా, నాన్చకుండా చెప్పింది. ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చుంది. అన్నీ సక్రమంగా చేసిందావిడ, నూటికి నూరు. మీరు ఆగినప్పుడు నాకు నిమ్మళంగా అనిపించింది అని చెప్పబోయి రాగిణి ఆఖరి క్షణంలో నోరు కట్టేసుకుంది. ఏడుపు రాలేదు. అది అక్టోబర్‌లోనే అయిపోయిందేమో అనిపించింది.

అక్కడినుంచి నేరుగా అదితి హైస్కూల్‌కి వెళ్ళింది. పార్కింగ్ లాట్‌లో మంచు కుప్పల పక్కన కార్ ఆపింది. అదితి బ్యాగూ వయొలినూ మోసుకుంటూ వచ్చి కూర్చుని బెల్ట్ పెట్టుకుంది. పదహారేళ్ళ పిల్లకు తండ్రి పోయాడని చెప్పాలి. ఎంతోమంది స్టూడెంట్లకు టిక్కులు పెట్టిన మనిషి, ఎలా చెప్పాలో ఆమె కంటే ఎవరికి తెలుసు? తీరా నోరు తెరిచేసరికి ఆ గొంతు వచ్చేసింది. సన్నగా, పైకి లేచి, చివర్లో ఎగురుతూ. ఆ గొంతుతోనే బంగారూ అంది, ఆ గొంతుతోనే నాన్న అంది, ఆ గొంతుతోనే చనిపోయారంది. కళ్ళు మాత్రం అద్దంలోంచి రోడ్డు వైపే ఉన్నాయి.

ఆ రోజు నుంచి అదితి తల్లితో మాట్లాడటం తగ్గించేసింది. పాలు అయిపోయాయి, లేట్ అవుతుంది, రైడ్ ఉంది, ఫ్రెండ్ దింపుతుంది, ఇవే మాటలు. ఆ తర్వాత నెల రోజులు తెలుగువాళ్ళు ఎక్సెల్ షీట్ పెట్టుకుని వంతులవారీగా భోజనాలు పంపారు. ఎంత గుండెనిబ్బరమో అని రాగిణిని మెచ్చుకున్నారు. నిబ్బరమా పాడా! పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో ఆమెకు ఒళ్ళంతా అలా ఉంది. వండింది, తిన్నది, మంచు పార పట్టుకుని డ్రైవ్‌వే శుభ్రం చేసింది. ఒక్కటే భయం ఆ మొద్దుతనంలోంచి పొడిచేది. ఈ ఆగస్టులో అదితి కాలేజీకని కాలిఫోర్నియా వెళ్ళిపోతుంది. ఈలోగా ఈ ముడి విడకపోతే ఇక ఎప్పటికీ ఇంతే, ఏడాదికి రెండు ఫోన్లు, వాతావరణం గురించి. ఎక్కడ పట్టుకుని లాగాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

పద్నాలుగు నెలలు గడిచాక, ఈ మార్చిలో మెడికల్ కాలేజీ వాళ్ళు మళ్ళీ అదే వేషానికి పిలిచారు. అంతలోనే సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, వద్దంటే వేరేవాళ్ళను చూస్తామన్నారు. పరవాలేదు, వేస్తానంది రాగిణి. ఏమీ అనిపించని మనిషికి ఏదైతేనేం?

నాలుగో స్టూడెంట్ తెలుగు కుర్రాడు. కోటు మీద అద్వైత్ అని ఉంది. తలుపు తోసుకుని వస్తూనే మొహం నిండా నవ్వు. హలో మిసెస్ థాంప్సన్ అన్నాడు, ఎంత చక్కటి గొంతు, పండగ పూట చుట్టాలింటికి వచ్చినట్టు. రాగిణికి కాగితం కంఠతా వచ్చు. లిండా భర్త బతకడని తెలుసు, ఇప్పటికి చాలాసార్లు చచ్చాడు. అయినా ఆ గొంతు వినగానే గుండె లోపల ఏదో లేచి నిలబడింది. బతికాడు అనిపించింది. ఫణి బతికాడు, ఈ పిల్లాడు ఆ మాటే చెప్పడానికి వచ్చాడు. పద్నాలుగు నెలల్లో ఆమెకు అనిపించిన మొదటి సంగతి అది. ఆ తర్వాత వాడు అదే గొంతుతో అసలు మాట చెప్పాడు. ఆమె కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోలేకపోయింది.

ఒక్కటి తప్ప టిక్కులన్నీ అయ్యాక ఎదురుగా కూర్చుని పద్ధతి ప్రకారం చెప్పింది. నువ్వు నవ్వుతూ లోపలికి వచ్చినప్పుడు నాకు ఆశ కలిగింది, నా భర్త బతికే ఉన్నాడనిపించింది అని. అద్వైత్ మొహం పాలిపోయింది. భయం వేస్తే తనకు తెలియకుండానే నవ్వు వచ్చేస్తుందని చెప్పాడు. ఇంగ్లీషులోంచి జారిపోయి, సారీ ఆంటీ అన్నాడు. నాకు తెలుసు నాన్నా అంది రాగిణి. సానుభూతి చూపించాడా అన్న ఆ మిగిలిన ప్రశ్నకు, వాడు వెళ్ళాక, లేదు అన్నచోట టిక్కు పెట్టింది.

నాలుగింటికి ఇల్లు చేరింది. అదితి వంటింటి బల్ల దగ్గర పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటూ ఫోన్ చూసుకుంటోంది. రాగిణి కోటు కూడా విప్పలేదు.

“అదితీ, ఆ రోజు కార్‌లో నేను చెప్పినప్పుడు నీకేమనిపించింది?”

అదితి తలెత్తి చూసింది. “అది నీ జాబ్ క్వశ్చన్ కదా. నన్ను అడుగుతున్నావా?”

“నిన్నే అడుగుతున్నా.”

అదితి చెంచా కింద పెట్టింది. పోనీలే, వద్దులే అనడానికి రాగిణికి నోటిదాకా వచ్చింది. ఆపుకుంది.

“నేను స్మైల్ చేశా,” అంది అదితి. “నీ వాయిస్ విని గుడ్ న్యూస్ అనుకున్నా. నాన్న చనిపోయాడు అని నువ్వు చెప్తున్నావు, నేను ఇంకా స్మైల్ చేస్తూనే ఉన్నా. నువ్వు చూడలేదా?”

చూడలేదు. పద్నాలుగు నెలలుగా కూతురు తన మీద కోపంగా ఉందనుకుంది. పిల్ల మోస్తున్నది ఈ నవ్వునని ఆమెకు తట్టనే లేదు. రాగిణికి సిగ్గేసింది, భయం వేసింది. అలవాటు ప్రకారం పెదవులు సాగబోయాయి. పళ్ళ బిగువున ఆపింది.

“నువ్వు నవ్వలేదు తల్లీ. నేను నవ్వించాను. పిల్లలను నవ్వించడమే నాకు వచ్చు.”

అదితి బల్ల వైపే చూస్తూ అంది. “అయితే మళ్ళీ చెప్పు. ఆ వాయిస్ లేకుండా చెప్పు.”

రాగిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికింది బొంగురుగా, బరువుగా ఉంది, ఆమెకే కొత్తగా ఉంది.

“నాన్న చనిపోయారు, అదితీ. ఆపరేషన్ జరుగుతుండగా చనిపోయారు. నేను బయట కుర్చీలో ఉన్నాను.”

అదితి ఇప్పుడే విన్నట్టు విన్నది. మొహం ముడతలు పడి చిన్నపిల్ల మొహం అయిపోయింది. ఇన్ని నెలలుగా ఎవరినీ అడగలేకపోయిన మాట అప్పుడు అడిగింది.

“లోపలికి వెళ్ళేముందు, నా గురించి ఏమన్నా అన్నాడా?”

“అన్నారు. అదితిని పికప్ చేసుకోవడం మర్చిపోకు అన్నారు. ఇవాళ వయొలిన్ కూడా ఉంది, బ్యాగ్ బరువు, డోర్ దగ్గరికే వెళ్ళు అన్నారు. నేను పార్కింగ్‌లోనే...”

ఆ తర్వాత గొంతు రాలేదు. రాగిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, కొలతా లేదు, పద్ధతీ లేదు. అదితి లేచి వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది.