సెంటర్ ఫార్వర్డ్ కోసం మా లైన్లు పెట్టిన అర్జీ

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఊరికి ఆ కొసన ప్లైవుడ్ మిల్లు, దాన్ని ఆనుకొని మిల్లు పనివాళ్ల ఇళ్ల లైన్లు, లైన్లు దాటితే హాకీ మైదానం. మైదానానికి మూడు వైపులా టేకు చెట్లే. ఎండాకాలం మొదట్లో ఇప్పపూల వాసన, మిల్లు జిగురు వాసన కలిసి మీదికి వచ్చేవి, ఆ మత్తులో కూర్చొని ఆట చూసేవాళ్లం. ఆటగాళ్లు పరుగెత్తితే లేచిన ఎర్రటి ధూళి సాయంత్రపు ఎండలో కిందికి దిగడం మరిచిపోయి అట్లా గాలిలోనే నిలబడి ఉండేది. అందులోంచి ఒక్కొక్కరే బయటపడేవారు. మా సెంటర్ ఫార్వర్డ్ మాత్రం ఎప్పుడు బయటికి వచ్చాడో తెలిసేది కాదు. ఆయన కనిపించేసరికి గోలు అయిపోయి ఉండేది.

ఎనభైల నాటి ముచ్చట. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి, ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ ఉన్నాను. మా నాన్న మిల్లులో, జిగురు పూసిన చెక్క పలకల్ని అతికించే వేడి ప్రెస్సు మీద పనిచేసేవాడు. నాకు నోరెక్కువని ఊరంతా అనేది. ఊరికేమన్నా తక్కువనా? మైదానం గట్టు మీద నిలబడి నేను అరిస్తే అవతలి జట్టు గోల్‌కీపరు తలెత్తి చూసేవాడు. అదొక గొప్పగా చెప్పుకునేదాన్ని.

సెంటర్ ఫార్వర్డ్‌ది అడవిలో ఒక తండా. వెదురు బొంగుతో, నిమ్మకాయంత రాయితో ఆట నేర్చుకున్నాడని చెప్పేవారు. మిల్లు హాకీ క్లబ్బు వాళ్లు చూసి పిలుచుకొచ్చారు. అప్పటినుంచి ఆయన మా వాడు. ఆట ఉన్న రోజు లైన్లలో ఒక్కో ఇల్లు వంతు వేసుకొని ఆయనకు అన్నం పెట్టేది. మా వంతు వచ్చిందంటే మా అమ్మ పొద్దున్నుంచే గోంగూర ఏరుతూ కూర్చునేది. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తినేసి, పళ్లెం తనే కడిగి గోడకు బోర్లించి పోయేవాడు. ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉండేది. వరంగల్లులో ఆడినప్పుడు ఎవడో కర్రతో కొట్టాడని, అయినా రక్తం కారుతుండగానే రెండు గోల్స్ వేశాడని మేం కథ చెప్పుకునేవాళ్లం. ఆ కథ ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను మాత్రం కళ్లారా చూసినట్టే చెప్పేదాన్ని.

ఆయనను మిల్లు, క్లబ్బు పేరుతో, పదకొండు నెలల ఒప్పందం కాగితం మీద పెట్టుకుంది. పదకొండు నెలలు కాగానే కొన్నాళ్లు ఆపి, మళ్లీ కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకునేది. అట్లా ఆరేళ్లు. పర్మనెంట్ చేస్తే లైన్లలో ఒక గది వస్తుంది, తండాలో ఉన్న భార్యను, బిడ్డను తెచ్చుకోవచ్చు. ఆయన అడిగింది అదొక్కటే. ఆ ఏడు ఖమ్మంలో టోర్నమెంటు దగ్గర పడుతుండగా కొత్త కాగితం ముందు పెడితే, ఆయన కలం ముట్టుకోలేదట. పర్మనెంట్ చేసేదాకా సంతకం పెట్టను, కర్ర పట్టను అన్నాడట.

ఇక చూడాలి మా ఊరి సంబడం! టీ కొట్టు రెండు ముక్కలైంది. ఒక బల్ల మీద వాళ్లు మిల్లును తిట్టేవారు, ఇంకో బల్ల మీద వాళ్లు ఆయనను.

"గంత పొగరేందిరా వానికి? మనమే నెత్తికెక్కించుకున్నం."

"ఏం పొగరు? ఆరేండ్లు ఆడిచ్చుకొని గది ఇయ్యకపోతే ఎట్ల?"

"గది సంగతి తర్వాత. ముందు టోర్నమెంటు ఆడాలె గదా! మన ఇజ్జత్ ఏంగావాలె?"

నేను ఏ బల్ల వైపు ఉన్నానంటే, పొగరు బల్ల వైపే. ఇప్పుడు దాచుకోవడం దేనికి? ఆయన ఆడని సాయంత్రాలు నాకు పిచ్చెక్కినట్టుండేవి. మైదానం ఖాళీగా, ధూళి లేవకుండా, చెట్ల నీడలు గోలు దాకా పాకి వచ్చేవి. ఎవరో నా సొమ్ము ఎత్తుకుపోయినంత కోపం వచ్చేది. మా ఇంటి ముందు నుంచి ఆయన పోతుంటే తలుపు దబాలున వేశాను కూడా. వంతు అన్నం ఆగిపోయింది. ఆపుదామని ఎవరూ అనలేదు, ఎవరి ఇంట్లో వాళ్లు మరిచిపోయినట్టు నటించారు.

వారం తిరిగేసరికి ఈ పర్మనెంట్ గొడవ తేల్చడానికి ఖమ్మం నుంచి లేబర్ ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఆయన వచ్చి మాట చెబితే మిల్లు వినక తప్పదట. దాంతో రెండు బల్లలూ ఒక్కటయ్యాయి. అర్జీ పెడదామన్నారు.

మా లైన్ల వాళ్లకు అర్జీ అంటే ప్రాణం. కుళాయికి అర్జీ, బస్సు ఆపడానికి అర్జీ, జొన్నచేలో పడ్డ ఎలుగుబంటి మీద అర్జీ. మాకొక పద్ధతి ఉండేది. అడిగేది చివర అడగాలి, ముందు మనిషిని పొగడాలి. పొగడ్త ఎంత పైకిపోతే అధికారి మనసు అంత కరుగుతుందని నమ్మకం. మా దవాఖానా కాంపౌండరును బదిలీ చేస్తున్నారంటే, ఆయన చెయ్యి తగిలితే జ్వరం పారిపోతుందని రాశాం. బదిలీ ఆగింది! ఆ అర్జీ రాసింది నేనే. అందుకని ఈసారి కూడా కాగితాలు నా దగ్గరికే వచ్చాయి.

నాన్న అప్పుడు ఊళ్లో లేడు, మా మేనత్తకు బాగోలేదని తిరుమలాయపాలెం పోయాడు. మా వాకిట్లో ముప్పై మంది దాకా కూర్చున్నారు. ఒక్కొక్కరు ఒక్కో మాట అందిస్తుంటే నేను దాన్ని సాపు చేసి రాశాను. నాలుగో పేరా నా సొంతం. ఎవరూ అందించలేదు. ఇప్పటికీ పొల్లు పోకుండా నాకు గుర్తుంది. "ఈయనను మేము ఏనాడూ మిల్లు పనివానిగా చూడలేదు. ఈయన చేతులు పని కోసం పుట్టినవి కావు. ఈయన పని చేసే చోటు మైదానమే, మరొకటి లేదు. కావున ఇంతటి ఆటగానికి పర్మనెంట్ ఉద్యోగము ఇప్పించ ప్రార్థన." చదివి వినిపిస్తే ముసలివాళ్లు కూడా ఆహా అన్నారు. ఒకామె నాకు దిష్టి తగలకుండా మెటికలు విరిచింది. అందరూ సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. నా ఛాతీ ఇంతెత్తున ఉబ్బింది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. క్లబ్బు వరండాలో బల్ల వేశారు. ఒక పక్క మిల్లు మేనేజరు, ఒక పక్క స్తంభానికి ఆనుకొని మా సెంటర్ ఫార్వర్డ్. మేమంతా కింద ఎండలో. ఆఫీసరు మా అర్జీ తీసుకొని ఒకసారి చూసి మేనేజరుకు అందించాడు. మేనేజరు చదువుతూ చదువుతూ నాలుగో పేరా దగ్గర ఆగాడు. తర్వాత చాలా మెల్లగా, ముద్దుగా, పైకి చదివాడు. నా మాటలు ఆ వరండాలో వినిపిస్తుంటే ఒళ్లు పులకరించింది. మా వాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇది మీ అందరి మాటేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"అవ్ సార్! అందరిది!" అని ఒక్క గొంతుతో అరిచాం, గోలు పడ్డప్పుడు అరిచినట్టే. అందులో నా గొంతే పైన. ఆ అరుపుకు సెంటర్ ఫార్వర్డ్ తల మా వైపు తిరిగింది, మైదానంలో తిరిగినట్టే, అలవాటు కొద్దీ. ఆయన మొహంలో నవ్వు లేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాం. ఆఫీసరు ఏదో రాసుకొని జీపెక్కాడు.

సాయంత్రానికి నాన్న వచ్చాడు. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చొని, నాలుగో పేరా అప్పజెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. నాన్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"గిట్లనే రాసినవా?"

"అవ్ నాన్నా."

"అందరు ఏలు ముద్రలు ఏసిన్రా?"

"అందరు ఏసిన్రు."

నాన్న కోపంతో అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచాడు. "ఆరేండ్ల సంది నా ఎదురుంగ నిలవడ్డడే వాడు! ప్రెస్సుకు ఈ కొసన నేను, ఆ కొసన వాడు. ఇద్దరు పట్టుకుంటెనే పలక లేస్తది. ఎనిమిది గంటలు ఆ సెగల ఉండి, గప్పుడు వొయ్యి మీకు ఆట ఆడిండు. పేరు మాత్రం క్లబ్బు రిజిస్టర్ల రాసుకున్నరు. వీడు మిల్లు పనోడే కాదు, క్లబ్బోల్లు తెచ్చుకున్న ఆటగాడని మిల్లోల్లు అంటున్నరు. ఆఫీసరు వచ్చింది అదొక్కటి తేల్చనీకే. పనోడు కాదని నువ్వు రాసిచ్చినవ్ బిడ్డా. ఊరంత ఏలుముద్రలేసి ఇచ్చిన్రు."

 "మరి ఆ చేతి మచ్చ?" అన్నాను. ఎందుకు అదే అడిగానో తెలియదు.

"ప్రెస్సుకు కాలింది. నా కండ్ల ముంగటనే."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా ఇవన్ని?"

"నువ్వు అడిగినవా? ఇంట్ల అడుగువెట్టంగనే ఎన్ని గోల్స్ కొడతడే అని అడుగుడు. షిఫ్టుల ఏం జేసిండని ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. ఒక్కనాడూ అడగలేదు. ఆయన మా ఇంట్లో అన్నం తిన్నప్పుడు, పళ్లెం కడిగే ఆ చేతుల నిండా ఎండిన జిగురు నేను చూశాను. చూసి కూడా ఆట గురించే అడిగాను.

పొద్దున్నే ఇంకో అర్జీ రాశాను. పొగడ్త ఒక్కటి కూడా లేదు అందులో. ఏ షిఫ్టు, ఏ ప్రెస్సు, ఎన్ని పలకలు, ఎప్పుడు చెయ్యి కాలింది, ఏ కాంపౌండరు కట్టు కట్టాడు, నాన్న చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు రాశాను. పట్టుకొని లైన్లన్నీ తిరిగాను. ఒక్కరు సంతకం పెడితే ఒట్టు.

"గట్ల రాస్తే మనోడు కూలోడని మనమే ఒప్పుకున్నట్టు గాదా?"

"మొన్నటిది మంచిగుండె గదా బిడ్డా. ఇదేంది, పాణం లేదు ఇందుల."

బతిమాలాను, తిట్టాను, ఒకాయన చేతిలో కలం బలవంతంగా కుక్కాను. ఆయన దాన్ని నా చేతిలోనే పెట్టి తలుపు వేసుకున్నాడు. వాళ్లను అనడానికి నాకేం మొహం ఉంది? నిన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకదాన్నే. చివరికి రెండే సంతకాలు, నాన్నది, నాది. నాన్నకు మిల్లులో ఏమవుతుందోనని అమ్మ భయపడింది. నాన్న సంతకం పెట్టి షిఫ్టుకు పోయాడు.

ఆ మధ్యాహ్నమే తెలిసింది, తీర్పు వచ్చేసిందని. ఆయన క్లబ్బు ఆటగాడే, మిల్లుతో సంబంధం లేదు, కావాలంటే మళ్లీ క్లబ్బు పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టుకోవచ్చు. ఆయన పెట్టలేదు. బస్సుకు పోతున్నాడని ఎవరో అంటే అర్జీ పట్టుకొని చెప్పులు కూడా లేకుండా ఉరికాను.

రోడ్డు మీద ఒక రేకు పెట్టె, ఒక సంచి పెట్టుకొని నిలబడి ఉన్నాడు. కర్ర లేదు, క్లబ్బుకు ఇచ్చేశాడట. ఎండ చెట్ల మీదుగా పసుపు పచ్చగా దిగుతోంది. నాకు ఆయాసం, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"అన్నా, తప్పయింది. నాకు తెల్వదు. ఇది ఖమ్మం పట్టుకపోయి ఆఫీసరుకు ఇయ్యి. ఇందుల అన్ని ఉన్నయి" అన్నాను.

ఆయన నిలబడే చదివాడు. రెండో పేజీ తిప్పి మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు. చెయ్యి కాలిన సంగతి దగ్గర వేలు ఆగింది. అంతసేపు ఆయన మొహం చూడటం నాకు అదే మొదలు.

"గీ ముచ్చట్లన్ని ఎవలు చెప్పిన్రు చెల్లె?"

"నాన్న."

తల ఊపాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆఫీసరుకు వద్దులే. అయిపోయింది అది. నా బిడ్డ ఒకటో తరగతిల పడ్డది. అక్షరాలు కూడవలుక్కుంటది. వాళ్ల నాయిన ఈడ ఏం పనిజేసిండో సదువుకుంటది" అన్నాడు.

బస్సు వచ్చింది. పెట్టె పైన వేసి ఎక్కాడు. కిటికీలోంచి నాన్నకు చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగాక కూడా దాని ధూళి రోడ్డు మీద చాలాసేపు ఉంది. నేను అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. టీ కొట్టు రెండు బల్లల వాళ్లూ లేచి నా చుట్టూ చేరారు. ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి వేసి, "ఊకో బిడ్డా, ఊకో. టోర్నమెంటు కల్ల ఇంకొకన్ని తెస్తరు. వీన్ని మించి ఆడెటోడు దొరుకుతడు" అన్నాడు.