గుడ్డు తిని పోయిందన్నాను

పదకొండేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

చందాపురలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా వీధిలో ఎవరో కాన్వెంటు తెరిచి వ్యాను పెట్టాక నా దగ్గర పిల్లలు తగ్గిపోయారు. హాజరు పడిపోతే కేంద్రాన్ని ఎత్తేసి ఇంకోదాంట్లో కలిపేస్తారని భయం. అందుకని ఒకటో తారీఖునే నెల మొత్తానికీ అందరికీ హాజరు వేసేసేదాన్ని. తాలూకాలో మాదే మంచి కేంద్రమని పేరొచ్చింది. ఆ మెప్పు నాకు బాగుండేది, దాచడమెందుకు.

శిల్పకు నాలుగేళ్లు. తల్లి పొద్దున్నే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతే, ఇంటి ఓనరమ్మ తొమ్మిదిన్నరకు గేటు తీసి పంపేది. నాలుగిళ్ల దూరం. ఆ రోజు పాప రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. సాయంత్రం తల్లి వచ్చింది.

“పాప ఇంటికి రాలేదు టీచరక్కా. ఈడనే ఉండాదా?”

బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. అందులో శిల్పకు హాజరు వేసి ఉంది.

“వచ్చిండె కదమ్మా. గుడ్డు తిని, అందరితో పాటే పోయింది.”

ఆ మాట నమ్మి వీధిలోవాళ్లంతా కేంద్రం దాటి బస్టాండు వైపు, సంత వైపు వెతికారు. వాళ్ల ఇంటి వెనక పునాది గుంతల వైపు ఎవరూ వెళ్లలేదు. మర్నాడు పనివాళ్లు ఒక గుంతలో పాపను చూశారు. నీళ్లు మోకాటి లోతే. పడగానే పోయిందా? లేక సాయంత్రం మేమంతా దూరంగా పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ పిలుపు వింటూ ఇంకా ఉందా? నన్నెవరూ తప్పు పట్టలేదు. కడుపు నిండా తినే పోయింది కదా అని తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పుడైనా చెప్పలేదు.

నెలాఖరు దాకా పుస్తకంలో శిల్ప రోజూ వచ్చింది.

ఇప్పుడున్న పిల్లలెవరూ శిల్పను చూడలేదు. అయినా గుడ్లు పంచగానే ఎవరో ఒకరు లేచి, చిన్న ముక్క తుంచి గడప మీద పెట్టి వస్తారు. నేను నేర్పలేదు. ఎవరికని ఇంతవరకు అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

తల్లి గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. క్షమించమని ఎవరిని అడగను? నిన్నూ అడగను. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాయాలి, అంతే.

శిల్ప ఆ రోజు రాలేదు. గుడ్డు తినలేదు.