బండి మా పెద్దమ్మది

కుక్కను చంపదలుచుకున్నవాళ్లు ముందు దానికి పిచ్చిదని పేరు పెడతారు. మా పెద్దమ్మ మోటారుసైకిలును ఇంట్లోంచి సాగనంపదలుచుకున్నవాళ్లు ముందు ఆమెకు ముసలిదని పేరు పెట్టారు. అందుకు వాళ్లు చూపిన సాక్ష్యం ఆమె చేతులే. ఎడమచేతి కణుపుల మీద తోలు చెక్కుకుపోయింది. కుడి మణికట్టు దగ్గర సైలెన్సరు కాల్చిన మచ్చ ఉంది. చూపుడువేలి కొసను బండి చైను కొరికింది. ఇక బొటనవేలి సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ గాయానికి బాధ్యులు వేరే ఉన్నారు. వీటిలో దేనికీ కుట్టు పడలేదు, దేనివల్లా ఆమె ఒక్క పూటైనా మంచమెక్కలేదు. అయినా ఆమె కన్నకొడుకు, ఆమెను ఒక్క మాట అడగకుండానే, బండి అమ్మేయాలని తీర్పు చెప్పేశాడు. దొంగను శిక్షించాలన్నా ముందు వాడు చెప్పుకునేది వినాలంటుంది చట్టం. తల్లికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కని ఇంట్లో, కోర్టుకు దగ్గరన్న కారణంతో, ఏడాదిగా నేను ఉంటున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో, చుట్టుపక్కల పల్లెలు తిరగడానికి తోటి మగవాళ్లకు బళ్లు ఇచ్చారు, ఆమెకు బస్సు వేళలు చెప్పారు. ఆమె బస్సు కోసం నిలబడి ఉండగా, అక్కడ పల్లెలో ఒక ఆవు ఈనలేక చచ్చిపోయింది. ఆ మర్నాడు ఆమె ఆసుపత్రికి పోలేదు, నేరుగా బళ్ల దుకాణానికి పోయింది. "అంత బరువు బండి ఆడవాళ్లకు ఆగుతుందా అమ్మా?" అని దుకాణదారు అడిగితే, "ఎద్దు ఆగుతోంది, ఇది ఆగదా?" అందట. ఆ బండే ఇది. ఆమె స్వార్జితం. ఉద్యోగం ముగిసింది, జుట్టు నెరిసింది, బండి మాత్రం ఇంకా మొదటి తన్నుకే లేస్తుంది. ఇప్పటికీ కూరగాయలకైనా, స్నేహితురాలింటికైనా, ఎవరింట్లోనో కుక్కకు కాలు విరిగిందని కబురొచ్చినా ఆమె ఆ బండి మీదే వెళుతుంది.

బండి బాగోగులు కూడా ఆమే చూసుకుంటుంది. ఆదివారం ఉదయం వరండాలో గోనెసంచి పరుస్తుంది. ఊడదీసిన నట్లూ బోల్టులూ ఒకప్పుడు సూదులు ఉంచుకున్న స్టీలు పళ్లెంలో వేస్తుంది. గేదెలకు మందెక్కించే లావుపాటి సిరంజితో క్లచ్చి తీగకు నూనె ఎక్కిస్తుంది. చూడవచ్చినవాళ్లెవరికైనా అది మరమ్మతులా కనిపించదు, వైద్యంలా కనిపిస్తుంది.

చిక్కంతా ఆ వైద్యంలోనే ఉంది. ఆమె వృత్తి కంటికి కనపడని చోట జరిగేది. భుజం దాకా చెయ్యి ఆవు కడుపులోకి పంపి, అడ్డం తిరిగిన దూడ కాలు వేళ్లతో పట్టుకుని, అది ముందుకాలో వెనకకాలో తడిమి తేల్చుకుని, సర్ది, బయటికి తెచ్చేది. అలాంటప్పుడు కళ్లు మూసుకునేదాన్నని చెప్పేది. కంటికంటే వేలిని నమ్మడం ఆమెకు ఎముకల్లో ఇంకిపోయింది. అందుకే బండి దగ్గరా కళ్లజోడు పెట్టుకోదు. అది ఫ్రిజ్జు మీద తన పెట్టెలో తాను హాయిగా నిద్రపోతుంటుంది. చేతికి తొడుగులు వేసుకోదు. చైనులో ఎక్కడో ఒక లంకె బిగుసుకుపోయి టకటకమంటుంటే, బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, ఇంజను నడుస్తుండగానే, నూనెగుడ్డ చుట్టిన వేలిని చైనుకు ఆనించి ఆ లంకె ఎక్కడుందో వినబోయింది. అవును, వేలితో వినబోయింది. చైను గుడ్డను లాగింది, గుడ్డ వేలిని లాగింది. వేలి కొస తెగింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఎడమచేత్తో గరిటె పట్టుకుంది.

"చెయ్యి ఇటు చూపించమ్మా," అన్నాడు అన్నయ్య.

"చూడ్డానికేముంది? వేలు వేలుగానే ఉంది."

"వెనక్కి దాచావంటేనే ఏదో ఉందని."

అన్నయ్య ఒక కర్మాగారంలో భద్రతాధికారి. 'జాగ్రత్త' అని రాసిన పలకలు గోడలకు తగిలించడం అతని జీతం పని. ఇంటికొచ్చి అదే పని జీతం లేకుండా చేస్తాడు. వేలు చూశాడు, పళ్లెం పక్కకు నెట్టాడు.

"మా ఫ్యాక్టరీలో ఎవడికైనా ఇన్నిసార్లు దెబ్బ తగిలితే వాణ్ణి మెషీను మీంచి తీసేస్తాం, తెలుసా?"

"తీసే ముందు వాణ్ణి పిలిచి అడుగుతారా?" అన్నాను నేను.

"వచ్చిందండీ లాయరమ్మ! ఇది ఇల్లు చెల్లాయ్, కోర్టు కాదు."

"కోర్టైతే అడిగేవాళ్లు. తేడా అదే."

వదిన మధ్యలోకి వచ్చింది. "అది కాదు అత్తయ్యా, రేపు మీకేదైనా అయితే నలుగురూ మమ్మల్నే అంటారు."

ఆ నలుగురి మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఏ ఇంట్లో ఏ ఆడమనిషి ఏ పని మానుకోవలసి వచ్చినా ఆ నలుగురే వచ్చి కూర్చుంటారు. పుండుకు మందు రాయడానికి మాత్రం ఒక్కడూ రాడు.

ఇదే ఇంట్లో, పెద్దమ్మకంటే వయసులో పెద్దవాడైన పెదనాన్న ఫ్యూజు తీగ మారుస్తానని ముక్కాలిపీట ఎక్కి, దాంతో సహా కిందపడ్డాడు. మోచెయ్యి కొట్టుకుపోయింది. అందరూ నవ్వారు. "ఈ వయసులో కూడా ఎంత హుషారో" అన్నారు. ఆ ముక్కాలిపీటను ఎవరూ కారు డిక్కీలో పెట్టి తాళం వేయలేదు. పెద్దమ్మ పానాల పెట్టెను మాత్రం అన్నయ్య ఆ సాయంత్రమే డిక్కీలో పెట్టి తాళం వేశాడు.

అడిగితే, "ఆమె మంచికే" అన్నాడు. మంచికే అన్న మాట ఎంత దుర్మార్గానికైనా తలుపు తీస్తుందని అతనికి తెలియదా? తెలుసు. ఆ మాట పలికేటప్పుడు నా వైపు చూడలేదు.

పానాలు పోయినా బండి పోలేదు కదా. రెండు రోజుల్లో వెనక బ్రేకు వదులైంది. వదులు బ్రేకుతో రోడ్డెక్కడం పెద్దమ్మకు పాపంతో సమానం. పెదనాన్న కటింగ్ ప్లేయరు తీసుకుని, తుప్పు పట్టిన బ్రేకు నట్టును పట్టి తిప్పబోయింది. సరైన పానా అయితే పట్టేది. ప్లేయరు జారింది. బొటనవేలు పోయి బండి చట్రం అంచుకు తగిలింది, గోరు సగం లేచింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి వేలు కొళాయి కింద పెట్టి నిలబడి ఉంది.

"మీ పెదనాన్న ప్లేయరూ ఆయన్లాంటిదే పిల్లా, పట్టు ఉండదు," అంది.

లోపలి గదిలోంచి పెదనాన్న, "వినపడుతోంది," అన్నాడు.

"వినపడాలనే అన్నాను. దూది పట్రండి."

నేను నవ్వలేదు. కోపంగానే ఆ వేలికి కట్టు కట్టాను. పనిముట్టు లాక్కున్నవాడు, పనిముట్టు లేక తగిలిన దెబ్బను కూడా వయసు ఖాతాలోనే వేస్తాడని నాకు అప్పుడే తెలుసు. అన్నయ్య నేననుకున్నది తప్పని ఒక్క పూటైనా నిరూపించలేదు. ఆ రాత్రే భోజనాల దగ్గర, ఆదివారం బండి చూడటానికి మనిషి వస్తున్నాడని చెప్పాడు. పెద్దమ్మ కట్టు కట్టిన వేలిని ఒళ్లో పెట్టుకుని, ఆ వేలి వైపే చూస్తూ కూర్చుంది. ఆమె మౌనం అంగీకారమని వాళ్లు తీసుకున్నారు. నేను ఒప్పుకోలేదు. శనివారమంతా నా వాదన సిద్ధం చేసుకున్నాను.

వచ్చినవాడు అన్నయ్య ఫ్యాక్టరీలో క్యాంటీను నడిపే ఆయన. బండి చుట్టూ తిరిగాడు, టైరును కాలితో తన్నాడు, సీటు మీద చేత్తో చరిచాడు. పెద్దమ్మ రెండు బారల దూరంలో కుర్చీలో ఉంది. ఆమెను గోడనో గుమ్మాన్నో చూసినట్టు చూశాడు.

"పెద్దావిడ నడిపిన బండి కదా సార్, మెల్లగానే వాడి ఉంటారు. ఇంజను కొత్తదానిలా ఉంటుంది."

"మెల్లగానా!" అన్నాడు పెదనాన్న పేపరు చాటునుంచి. "ఓసారి వెనక కూర్చోవాల్సింది మీరు. నేను ఇంటికొచ్చాక కూడా కళ్లు తెరవలేదు."

"నాన్నా, కాస్త ఊరుకో," అన్నాడు అన్నయ్య. అప్పుడు క్యాంటీను ఆయన పెద్దమ్మ చేతి కట్టు గమనించి సందేహం వెలిబుచ్చాడు. "అమ్మగారు సంతకం పెట్టగలరా మరి?"

"దానికేముంది, వేలిముద్ర వేయిద్దాం," అన్నాడు అన్నయ్య.

వేలిముద్ర! ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసిన మనిషి. పశువు ఆరోగ్యంగా ఉందని ఆమె పెట్టిన సంతకంతో ఎందరో తమ పశువులను సంతకు తోలుకెళ్లారు. ఆమె గోరు లేచిపోవడానికి కారణమైనవాడు, ఆ వేలినే ముద్ర వేయమని అడుగుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"అన్నయ్యా, ఒక ప్రశ్న. ఆ బొటనవేలికి దెబ్బ ఎలా తగిలింది?"

"అందరికీ తెలిసిందేగా."

"అయినా చెప్పు. ఏ పనిముట్టుతో తగిలింది?"

"ప్లేయరుతో."

"పానాతో తిప్పాల్సిన నట్టును ప్లేయరుతో ఎందుకు తిప్పింది? పానాలు ఎక్కడున్నాయి?"

అతని చూపు కారు డిక్కీ మీదికి పోయింది. క్యాంటీను ఆయన కూడా అటే చూశాడు. నేను ఆగలేదు. మణికట్టు కాలింది సైలెన్సరు మీద రేకు ఊడిపోయినందువల్ల, తోలు చెక్కుకుపోయింది నట్టు తుప్పు పట్టినందువల్ల, వేలు తెగింది ఇంజను ఆపనందువల్ల. కుర్రవాళ్లు చేసినా ఇదే జరిగేది. ఇందులో వయసు పాత్ర ఎక్కడుంది? ఏ ఒక్క గాయానికైనా వయసుతో సంబంధం ఉందని చూపించమన్నాను.  వాదన గెలిచానని నాకు అర్థమైంది.

"ఆపవే," అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, నేను నీ తరఫునే..."

"నా తరఫున అబద్ధాలు చెప్తున్నావు. వయసు కాదంటావేంటి? వయసే! ఈ పిడికిలి మునుపటిలా ముడుచుకోదు. పొద్దున్న నీళ్ల గ్లాసు కూడా జారుతుంది. కళ్లజోడు లేకుండా చైను ఎక్కడుందో నాకు ఆనదు. వేలికి తెలుస్తుందిలే అనుకున్నా. కడుపులో దూడైతే తెలిసేది, అది కదిలినా మెల్లగా కదులుతుంది. ఇంజనుకు మెల్లగా అంటే ఏంటో తెలీదు. అది నా బుద్ధితక్కువ."

అన్నయ్య ముఖం వెలిగింది. "అదేగా నేనూ చెప్పేది!"

"నువ్వు చెప్పింది అది కాదురా. నువ్వు చెప్పింది అమ్మెయ్యమని. ముసలిదాన్నయ్యాను. అయితే? ముసలిదాన్నైతే నా వస్తువు నీదైపోతుందా? నువ్వు నడక నేర్చుకునేటప్పుడు పూటకో బొప్పి కట్టించుకునేవాడివి. నీ కాళ్లు తీసి అటకమీద పెట్టానా?"

 నా వాదనంతా కూలిపోయింది. కూల్చింది నేను ఎవరికోసం నిలబడ్డానో ఆమే. ఆమె ముసలిది కాదని రుజువు చేయడానికి నేను అంత కష్టపడ్డానంటే, ముసలిదైతే బండి పోవడం న్యాయమేనని నేనూ ఒప్పుకున్నట్టే కదా. దున్నపోతు ఈనిందంటే, ఈనలేదని వాదించడం మాని, దూడ రంగు మీద వాదులాడాను. అన్నయ్య మీద ఉన్న కోపం కాస్తా నా మీదికి మళ్లింది. అది ఇంకా పూర్తిగా తిరిగి పోలేదు.

"మరి బండి...?" అన్నాడు క్యాంటీను ఆయన.

"అమ్మట్లేదు నాయనా. మంచినీళ్లు తాగి వెళ్లు. ఇంకోసారి ఎవరి బండి చూసినా టైరు తన్నకు. తంతే దానికేం తెలుస్తుంది, నీకేం తెలుస్తుంది?"

ఆయన మంచినీళ్లు తాగలేదు. వీధి గేటు చప్పుడైంది.

"డిక్కీ తియ్యి," అంది పెద్దమ్మ కొడుకుతో.

"అమ్మా, నాకు భయంరా... భయమమ్మా. అది అర్థం చేసుకోవు."  తడబాటులో తల్లిని 'రా' అన్నది కూడా అతను గమనించలేదు. ఇన్నాళ్లకు అతని నోటినుంచి వచ్చిన మొదటి నిజమైన మాట అది. ఈ మాట ముందే చెప్పి ఉంటే తాళం ఎందుకు, కొనేవాడెందుకు?

"భయమైతే దగ్గర కూర్చో. తాళం వేస్తే భయం పోతుందా?"

అతను పెట్టె తెచ్చాడు. నేను ఫ్రిజ్జు మీది కళ్లజోడు తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని అయిష్టంగా పెట్టుకుంది, చైను మీదికి వంగి చూసింది.

"ఇంత మురికిగా ఉందా ఇది," అంది.

కట్టు కట్టిన బొటనవేలితో ఆమె పానా పట్టలేదు గనుక ఆ రోజు చేతులు అన్నయ్యవి. ఇంజను ఆపే ఉంది. అతను గోనెసంచి మీద మోకాళ్లు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే, ఆమె కళ్లజోడులోంచి ఒక్కొక్క లంకెనూ చూస్తోంది. "మెల్లగా. ఇంకా మెల్లగా. ఆగు. ఆగమంటే ఆగాలిరా, ఎద్దు నయం నీకంటే." బిగుసుకున్న లంకె దొరికింది. సిరంజితో ఆమె నూనె వేసింది. తర్వాత బ్రేకు నట్టు బిగించమంది. అన్నయ్య పానా వేసి బలంగా లాగాడు. నట్టు ఒక్కసారిగా వదిలింది, చెయ్యి పోయి చట్రానికి తగిలింది.

"ఏమైందండీ?" వంటింట్లోంచి వదిన కేక వేసింది.

"ఏం లేదు, ఏం లేదు," అంటూ అతను చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

"వెనక్కి దాచావంటేనే ఏదో ఉందని," అంది పెద్దమ్మ, చైను మీదినుంచి చూపు తిప్పకుండానే.

పెదనాన్న పేపరు చాటున నవ్వుతున్నాడు. వదిన దూది కోసం వెతుకుతోంది. ఎవరూ అడగాల్సిన ప్రశ్న అడగడం లేదు. అందుకని నేనే అడిగాను.

"అన్నయ్యా, నీ వయసెంత ఇప్పుడు?"

అతను నా వైపు కోపంగా చూశాడు. నేనూ అంతే కోపంగా చూశాను.

"మీ పోట్లాట తర్వాత," అంది పెద్దమ్మ. "చక్రం తిప్పరా."