వెలిసిపోయిందనుకున్న సీసా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి, ఒక ల్యాబ్‌లో ఏడాది పాటు పనిచేసి, ఒమన్ వచ్చి అల్ ఖౌద్‌లో పిన్ని వాళ్లింట్లో ఉంటూ, దగ్గర్లోని పరిశోధనశాలలో అసిస్టెంటుగా చేరేనాటికి, కణాలను పెంచడంలో నన్ను మించినవాళ్లు అరేబియా సముద్రానికి ఇటువైపు లేరని నా గట్టి నమ్మకం. (అటువైపు ఒకరిద్దరు ఉండవచ్చని ఒప్పుకునేదాన్ని.) ఆ నమ్మకం సుమారు నలభై రోజులు నిలిచింది.

నాకు పని నేర్పే బాధ్యత మా సీనియర్‌ది. మస్కట్ ఆడపడుచు, ఇంట్లో బలూచీ మాట్లాడుకునే కుటుంబం, నాకంటే చక్కటి హిందీ. నేను మనసులో అక్కా అనే పిలుచుకునేదాన్ని. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఒక రకం ఈస్ట్రోజెన్ హార్మోన్ దొరికితే ఏపుగా పెరుగుతాయి, దాన్ని అడ్డుకునే మందు వేస్తే తగ్గుతాయి. కొన్నాళ్లకు కొన్ని కణాలు ఆ మందును లెక్కచేయడం మానేస్తాయి. ఎందుకు మానేస్తాయన్నదే అక్క పీహెచ్‌డీ. రెండేళ్లుగా ఆవిడ ఆ కణాలు పెరిగే డిష్‌లను చంటిపిల్లల్లా చూసుకుంటోంది. వాళ్ల ఖాలా, అంటే పిన్ని, రొమ్ము క్యాన్సర్‌కు రోజూ వేసుకునేది ఆ మందే. "నీ గిన్నెల్లో నా మందు ఎలా పనిచేస్తోందే?" అని ఆవిడ ఫోన్ చేస్తే, అక్క గ్లవ్స్ తీసేసి మరీ ఓపిగ్గా జవాబు చెప్పేది. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

థీసిస్ ఇచ్చేముందు ఒక్క ప్రయోగం మిగిలింది: కొన్ని డిష్‌లకు హార్మోన్ వేసి, కొన్నిటికి వేయకుండా, కొన్నిటికి మందు కూడా వేసి పోల్చడం. సరిగ్గా అప్పుడే ఖాలాను ఆసుపత్రిలో చూపించడానికి అక్క అయిదు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. డిష్‌లు నాకు అప్పగించి, ఏం చేయాలో రాసిన నాలుగు పేజీలు చేతిలో పెట్టి, "మొత్తం చదువు, హబీబ్తీ" అంది, బంగారూ అన్నట్టు. చదివాను. మొదటి పేజీ. మిగతా మూడూ నాకు తెలిసిన సంగతులేనని నేనే తీర్మానించుకున్నాను.

మర్నాడు ఫ్రిజ్ తెరిచి కణాలకు ఆహారంగా పోయాల్సిన ద్రవం, అదే మీడియం, సీసా తీసి చూశాను. అది మంచినీళ్లలా ఉంది! నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన మీడియం అంతా ఎర్రగానే ఉంటుంది. ఇది కచ్చితంగా కొరియర్ వ్యాన్‌లో ఎండకు మాడి రంగు వెలిసిపోయిందని నిర్ధారణ చేశాను. (పిన్ని డాబా మీద ఆరేసిన నా కొత్త చుడీదార్ మూడు రోజుల్లో ఏ గతి పట్టిందో చూసినదాన్ని. ఇక్కడి ఎండ మీద నాకు ఏ భ్రమలూ లేవు.) పాపం, అక్క హడావుడిలో గమనించలేదు కాబోలనుకున్నాను. సీసా మీద "పాడైంది" అని టేపు అంటించి వెనక్కి నెట్టి, మామూలు కణాల కోసం కలిపి ఉంచిన ఎర్రటి మీడియం తీసి అన్ని డిష్‌లకూ ధారాళంగా పోశాను. నా గొప్ప నేనే చెప్పుకోవడం ఎందుకని నోట్‌బుక్‌లో "మీడియం మార్చాను" అని మాత్రం వినయంగా రాశాను.

అయిదో రోజు కణాలను లెక్కపెట్టి డిష్‌లు పారేశాను. మర్నాడు అక్క వచ్చి ఆ లెక్క చూసి స్టూలు మీద కూలబడింది. హార్మోన్ వేయని డిష్‌ల్లోనూ కణాలు, హార్మోన్ వేసినవాటికి దీటుగా పెరిగాయి. నోట్‌బుక్ తిరగేసింది; పాత మీడియం తీసి కొత్తది పోయడం మామూలు పనే కనక, నా వాక్యంలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. తరవాత నా భుజం తట్టి, "తుమ్హారా హాథ్ అచ్ఛా హై. మేరే సెల్స్ హీ బదల్ గయే" అంది. నీ చెయ్యి మంచిదే, నా కణాలే మారిపోయాయి అని. కణాలు మారిపోతే రెండేళ్ల ఫలితాలనూ నమ్మడానికి లేదు. గురువారం మీటింగ్‌లో థీసిస్ ఆపేయమని తానే డాక్టర్ గారికి చెబుతానంది. (డాక్టర్ గారంటే మా ల్యాబ్ పెద్ద, ఒమనీ ప్రొఫెసర్.) ఎక్కడ తప్పు జరిగిందా అని నేను కూడా ఆవిడతో కలిసి బోలెడు బాధపడ్డాను.

బుధవారం సాయంత్రం పిన్ని బెండకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని, అక్కకు ఏదైనా సాయపడదామని ఆ నాలుగు పేజీలూ తీశాను. మూడో పేజీలో, కింద రెండు గీతలు గీసి మరీ రాసి ఉంది: "రంగు లేని మీడియం మాత్రమే వాడాలి. ఎరుపు రంగు కొంతవరకు హార్మోన్‌లా పనిచేస్తుంది. మామూలు మీడియంలో కలిపే సీరంలో హార్మోనే ఉంటుంది." నేను అన్ని డిష్‌లకూ పోసింది ఆ ఎర్రదే. పిన్నికి అంతా చెప్పాను.

"అయితే ఎవరికీ తెలీదు కదా? నోర్మూసుకుని కూర్చో. టేపు పీకేసి, మళ్లీ ఓసారి చేద్దామండీ అను. వీసా మీద వచ్చినదానివి, ఉద్యోగం ఊడితే రేపు మీ అమ్మకి నేనేం చెప్పుకోను?" అంది పిన్ని.

"రెండేళ్ల పని పిన్నీ. తన తప్పే అనుకుంటోందావిడ."

పిన్ని కత్తి పక్కన పెట్టింది. "సరే, పొద్దున్నే చెప్పెయ్. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు. పెసరట్టేస్తాను, తిని వెళ్లు."

గురువారం మీటింగుల్లో డాక్టర్ గారు ఖర్జూరాలు పెట్టి, కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, స్వయంగా పోసేవారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేదంటే పోస్తూనే ఉంటారు. ఆ రోజు నాకు ఊపడం మాట అటుంచి, ఊపిరి పీల్చడమే గుర్తులేదు. ఎదురుగా అక్క "రెండేళ్లు వృథా అయినట్టే" అని మొదలుపెట్టింది. నేను నోరు తెరవబోయేసరికి కప్పు నిండేది, మర్యాదకు తాగేదాన్ని. ఆరో కప్పు పోస్తూ డాక్టర్ గారే ఆగి, "నువ్వేదైనా చెప్పాలా?" అన్నారు.

"కణాలు బాగానే ఉన్నాయి సార్. నేనే బాగాలేను" అనేసి ఏడ్చేశాను.

అంతా విన్నాక అక్క వెళ్లి ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. టేపు మీద నా రాత చూసి, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందనుకుని హడలిపోయాను. నవ్వుతోంది! "యా అల్లా, ఎండకు వెలిసిందా!" అని కళ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకుంది. డాక్టర్ గారు మాత్రం గంభీరంగా, "రంగు సంగతి పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. నువ్వు ఎవరి సాయమూ లేకుండా సొంతంగా కనిపెట్టావు, అభినందనలు" అన్నారు. ప్రయోగం మళ్లీ చేయాలన్నారు. అది నా చేతులతోనే జరగాలని పట్టుబట్టింది అక్క. అది ఎంత పెద్ద మనసో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. నాలుగు పేజీలూ బట్టీపట్టి చేశాను. ఈసారి హార్మోన్ లేని డిష్‌ల్లో కణాలు పలచగా, ఉన్నవాటిలో ఒత్తుగా, మందు వేసినవాటిలో మళ్లీ తగ్గి, ఉండాల్సినట్టే ఉన్నాయి. అక్క మైక్రోస్కోప్ దగ్గర నుంచే ఖాలాకు ఫోన్ చేసింది.

ఇప్పుడు నా దగ్గర కూడా కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. లెక్క తేడా వస్తే కోప్పడను. "ఎవరమ్మా, సాయం చేసింది?" అని మాత్రం అడుగుతాను. అక్క థీసిస్ నా బీరువాలో ఉంది. కృతజ్ఞతల పేజీలో నాకోసం ఒక వాక్యం రాసింది: "తన తప్పును నా తప్పుగా మిగలనివ్వని స్నేహితురాలికి." అది చదివినప్పుడల్లా సిగ్గుగానూ ఉంటుంది, నవ్వూ వస్తుంది. ఆ రోజు డాక్టర్ గారు అడగకపోయి ఉంటే అప్పటి నాలోని ఆ పిల్ల నోరు తెరిచేదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అక్కకు మాత్రం ఆ అనుమానమే రాలేదు.