ప్రస్తుతానికి పాతిన రాయి

మా మామగారు తాపీమేస్త్రి. జిల్లా హద్దు మారినప్పుడల్లా రాయి పీకడానికీ, కొత్తచోట పాతడానికీ ఆయన్నే పిలిచేవారు. ఒక ప్రభుత్వం వచ్చి మా వీధిని ఈ జిల్లాలో కలిపేది, ఇంకొకటి వచ్చి పక్క జిల్లాలోకి తోసేది. మమ్మల్ని అడిగిన పాపాన పోయినవాడు లేడు. మామగారు మాత్రం రాయి చుట్టూ మట్టి కూరి, కాలితో తొక్కి, "చాల్లే అమ్మా, మళ్లీ పీకమని వాళ్లే వస్తారు" అని నవ్వేవారు.

ఆఖరిసారి వచ్చిన సర్వేయరు, ఇక మార్పుల్లేవు, కాంక్రీటు వెయ్యాల్సిందే అన్నాడు. ఉత్తర్వు ప్రకారం రాయి మా ఇళ్లన్నీ దాటాక, వీధి అటు చివర పడాలి. అలాగైతే మా ఇల్లూ, మెయిన్ రోడ్డుకి అవతలున్న పెద్దాసుపత్రీ ఒకే జిల్లాలో ఉంటాయి. మా అత్తగారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ అక్కడే.

తీరా తవ్వితే వీధి చివర మంచినీళ్ల పైపు తగిలింది. సర్వేయరు విసుక్కుని, "ప్రస్తుతానికి ఇటు, మెయిన్ రోడ్డు పక్కన పాతెయ్. పైపు మార్చాక జరుపుదాం" అన్నాడు.

ప్రస్తుతానికంటే ప్రస్తుతానికి తగ్గట్టే పాతాలా, వద్దా? మామగారికి తూతూమంత్రపు పని చేతకాదు. కాంక్రీటు పోసి, తడి గోనెలు కప్పి, రోజూ బిందెతో నీళ్లు పట్టారు.

"జరపబోయే రాయికి ఇంత సేవెందుకు మావయ్యా?" అన్నాను.

"నేను పోసింది పగుళ్లిస్తే నలుగురూ నవ్వరా అమ్మా?"

పైపు మార్చడానికి ఎవరూ రాలేదు. కొలిచేవాళ్లు మాత్రం ఠంచనుగా వచ్చి, రాయి ఉన్నచోటే హద్దని పటం గీసుకుపోయారు. ఆ తర్వాత ఆస్పత్రిలో అత్తగారిని మంచం కూడా ఎక్కనివ్వలేదు. మీది పక్క జిల్లా, మీ ఆస్పత్రికి పొమ్మన్నారు. అది బస్సులో మూడు గంటల దారి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి దారంతా వాంతులే. వీళ్ల గీతలు తగలెయ్య.

మామగారూ నేనూ జిల్లా ఆఫీసుకి వెళ్లాం. అధికారి పటం తిరగేసి, "రాయి అక్కడే ఉంది, పటంలోనూ అక్కడే ఉంది. ఇంకేంటి?" అన్నాడు.

"ఆ రాయి పాతింది నేనేనండీ. అది దాని చోటు కాదండీ."

"నువ్వేనా? బాగా పాతావయ్యా. మిగతాచోట్ల ఒక్కటీ సరిగ్గా నిలబడలేదు."

అది మెచ్చుకోలట. నాకు చెప్పు తీయాలనిపించింది. మామగారు తల దించుకుని బయటికి వచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకెళ్లి రాయి మొదట్లో పోటు మీద పోటు వేశారు. చిన్న పెచ్చు కూడా ఊడలేదు. చేతులు బొబ్బలెక్కాయి. వీధి వీధంతా గుడ్లప్పగించి చూస్తోంది.

"కానివ్వండి మావయ్యా, ఎవడు అడ్డమొస్తాడో నేను చూస్తాను" అన్నాను.

అత్తగారు సంచి పట్టుకుని గుమ్మం దిగొచ్చారు. "ఇక వదిలెయ్యండి. బస్సు టైమైంది."

ఆయన గడ్డపార నా చేతికిచ్చి, ఆవిణ్ణి మెల్లగా రోడ్డు దాటించారు. బస్సు ఆగేది పెద్దాసుపత్రి గేటు ముందే. ఆ గేటుకి వీపు పెట్టి, ఇద్దరూ ఆస్పత్రికి తీసుకెళ్లే బస్సు కోసం నిలబడ్డారు.