నలభై ఎనిమిది అంకెల తాళం

మణికొండలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉండే కిష్టయ్యది నారాయణపేట వైపు పల్లె. పదమూడేళ్ల కిందట మా వీధిలోనే సెంట్రింగ్ పనికి వచ్చాడు. రెండో అంతస్తు మీంచి జారిపడి మోకాలు దెబ్బతిన్నాక బరువు పనులు మానేసి కాపలా పనిలో చేరాడు. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు పదాలు చదవలేడు గానీ, బండ్ల నంబరు ప్లేట్లు చూసి చూసి అక్షరాలన్నీ నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి వచ్చే పోయే ప్రతి బండి నంబరూ పొడుగాటి రిజిస్టరులో రాశాడు. ఒక్క అంకె తప్పు పోయిందని ఎవరూ అనలేదు.

నాలుగు నెలల కిందట, అప్పటి సెక్రెటరీ ఆదర్శ్ ఆ రిజిస్టరు మాన్పించి గేటు గదిలో లాప్‌టాప్ పెట్టించాడు. వచ్చినవాళ్ల ఫొటో, ఫోను నంబరు, వెళ్లే ఫ్లాటు నంబరు అందులో ఎక్కిస్తేనే లోపలికి వదలాలి. ఎక్కడ నొక్కితే ఏం వస్తుందో వారం రోజుల్లో కిష్టయ్యకు పట్టుబడింది. ఆ తర్వాత ఆదర్శ్ కొత్తగూడకు మారిపోయాడు. విద్యుత్ శాఖలో రిటైరైన భీమేశ్వరరావు గారు సెక్రెటరీ అయ్యారు.

మొన్న శనివారం ఉదయం ఎనిమిదింటికి కిష్టయ్య డ్యూటీ ఎక్కి లాప్‌టాప్ తెరిచాడు. రోజూ కొండా చెరువూ ఉన్న బొమ్మ వచ్చేది. ఆరోజు తెరంతా నీలం రంగు. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, కింద ఖాళీ గడి. ఆపి మళ్లీ వేశాడు. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, మళ్లీ అదే నీలం. చార్జింగ్ వైరు పీకి పెట్టాడు. మార్పు లేదు.

వేలు పెట్టి ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోతే ఒక మాట మాత్రం తెలిసినదే అనిపించింది. K, E, Y. గోడకున్న తాళాల పెట్టె మీద కూడా అవే మూడు అక్షరాలున్నాయి. అంటే ఇది తాళంచెవి అడుగుతోంది! పెట్టె తెరిచి చూశాడు. డాబా తలుపుది, మోటారు గదిది, లిఫ్టు గదిది, మీటర్ల గదిది. లాప్‌టాప్‌ను పక్కకు తిప్పితే అంచున చిన్న కంత కనిపించింది. మీటర్ల గది తాళంచెవి దాని దగ్గరగా పెట్టి చూశాడు, సన్నగానే ఉంది. కానీ దూర్చడానికి చెయ్యి రాలేదు.

అప్పటికే గేటు బయట పనివాళ్లు, పాలప్యాకెట్ల బండి, గ్యాసు సిలిండర్ల ఆటో నిలబడిపోయాయి. కిష్టయ్య భీమేశ్వరరావు గారికి ఫోన్ చేశాడు.

"సార్, లాప్‌టాప్ తాళం అడుగుతున్నది. ఏ తాళమో సమజైతలేదు."

"లాప్‌టాప్‌కి తాళమేంటయ్యా?" అంటూ ఆయన కిందికి వచ్చారు. తెర చూసి ఆయనా ఒకసారి ఆపి మళ్లీ వేశారు. "ఏం చేశావు దీనికి?"

"నేనేం జెయ్యలె సార్. నిన్న దుమ్ము పడ్డదని తడిగుడ్డతోటి జర తుడిచిన, అంతే."

"తడిగుడ్డా! నీళ్లు పోయాయేమోనయ్యా లోపలికి."

కిష్టయ్య ముఖం మాడిపోయింది. పాడుచేసింది తనేనేమో. కానీ నీళ్లు పోతే ఆగిపోవాలి గదా, తాళం ఎందుకు అడుగుతుంది?

భీమేశ్వరరావు గారు ఆదర్శ్‌కు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టారు. సంగతి విని ఆదర్శ్ తేలిగ్గానే చెప్పాడు. "పాడవలేదండీ. నలభై ఎనిమిది అంకెల నంబరొకటి ఉంటుంది, అదే దాని తాళంచెవి. నా అకౌంటులో ఉంటుంది, చూసి చెబుతాను. ఏదో అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి ఇలా అడుగుతుంది. తను సొంతవాళ్ల చేతిలోనే ఉందా, ఎవరన్నా ఎత్తుకుపోయారా అని దానికి అనుమానం."

కిష్టయ్య ఉండబట్టలేక ఫోను వైపు వంగాడు. "నాలుగు నెలలసంది రోజూ నేనే గదా సార్ తెరుస్తున్నది. నా మీదనే అనుమానమా?"

"నీ మీద కాదు కిష్టయ్యా. దానికి మనుషులు తెలియరు."

మనుషులు తెలియనిది దొంగను ఎలా పడుతుంది? కిష్టయ్యకు అర్థం కాలేదు.

ఆదర్శ్ అంకెలు చదువుతుంటే భీమేశ్వరరావు గారు ఒక్కొక్కటే నొక్కారు. అన్నీ అయ్యాక ఎంటర్ కొడితే అది ఒప్పుకోలేదు. మళ్లీ మొదటి నుంచి కొట్టారు, మళ్లీ అంతే. బయట ఆటో హారన్ మోత.

"ఆగండాగండి," అన్నాడు ఆదర్శ్. "నా దగ్గర రెండు నంబర్లున్నాయి. ఒకటి మా ఇంట్లో లాప్‌టాప్‌ది అయ్యుంటుంది. తెర మీద కీ ఐడీ అని ఉంటుంది, దాంట్లో మొదటి ఎనిమిది అంకెలూ అక్షరాలూ చదవండి."

భీమేశ్వరరావు గారు జేబు తడుముకున్నారు. చదివే కళ్లద్దాలు పైనే ఉండిపోయాయి. అప్పటిదాకా మీటల మీది అంకెలు పెద్దవి గనక నెట్టుకొచ్చారు. కిష్టయ్య ముందుకొచ్చి బండి నంబరు చదివినట్టే చదివేశాడు. "సెవెన్, సి, ఫోర్, ఏ, నైన్, డి, టూ, ఎఫ్."

"రెండోదండీ! ఇందాక చదివింది మాదే."

"ఇప్పుడు చెప్పున్రి సార్, జర మెల్లగ. ముందుగాల రాసుకుంట," అన్నాడు కిష్టయ్య.

మూలనున్న పాత రిజిస్టరు తీసి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు రాశాడు. రాసింది తిరిగి చదివి వినిపించాడు. తర్వాత తనే ఒక్క వేలితో కొట్టుకుంటూ పోయాడు. ఎంటర్ నొక్కే ముందు భీమేశ్వరరావు గారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. నీలం తెర పోయింది. చాలాసేపు నల్లగా ఉండిపోయింది. ఇక పోయిందనుకున్నంతలో కొండా చెరువూ కనిపించాయి.

"నువ్వు కొట్టావు గనక అయింది. నా వల్ల కాకపోయేది," అన్నారు భీమేశ్వరరావు గారు. తడిగుడ్డ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ అంకెలున్న పేజీ చింపించి పైకి తీసుకెళ్లి ఆఫీసు బీరువాలో పెట్టారు. గేటు బయటివాళ్లందరినీ లోపలికి పంపేసరికి తొమ్మిదిన్నర దాటింది.

కిష్టయ్య భార్య సాయమ్మ ఇదే అపార్ట్‌మెంట్‌లో మెట్లు, వరండాలు ఊడుస్తుంది. మధ్యాహ్నం గేటు గదిలో ఇద్దరూ సద్ది విప్పారు. పొద్దున ఏమైందని ఆమె అడిగితే కిష్టయ్య మొదటి నుంచీ చెప్పాడు.

"తాళమెవరు ఏసిన్రు మరి?"

"ఎవరెయ్యలె. అదే ఏసుకున్నదంట."

"ఎందుకు?"

"అనుమానమంట."

సాయమ్మ ముద్ద నోటి దగ్గర ఆపి లాప్‌టాప్ వైపు చూసింది. "రేపు మళ్ల ఏసుకుంటదా?"

"ఏమో, ఎవలకెరుక," అన్నాడు కిష్టయ్య. ఆమె గిన్నెలోంచి ఇంకొంచెం పప్పు వేసుకున్నాడు.